పోటీ కంపెనీ నియామకాలను లింక్డిన్‌లో చూసే ముందు

మొదట సెట్టింగ్స్‌లో విజిబిలిటీకి వెళ్ళి ప్రైవేట్ మోడ్ పెట్టుకోండి. లేదంటే మీరు ఎవరి ప్రొఫైల్ తెరిస్తే వాళ్ళకి మీ పేరు, హోదా కనిపించే అవకాశముంది. రాయగడలాంటి ఊళ్ళో ఆ కబురు సాయంత్రానికి టీ కొట్టు దాకా వచ్చేస్తుంది. ఉచిత ఖాతాలో ప్రైవేట్ మోడ్ పెడితే మీ ప్రొఫైల్ ఎవరు చూశారో మీకూ కనిపించదు, అంతే.

దొంగ ప్రొఫైల్ వద్దు. సైటులోంచి డేటాను గుంజుకునే సాఫ్ట్‌వేరూ వద్దు. రెండూ సైటు నిబంధనలకు విరుద్ధం, ఖాతా పోవచ్చు.

ఊరి పేరుతో వెతకడానికి ఓపిక కావాలి. ఒడిశా గంజాం జిల్లాలోని మన బరంపురాన్ని ఒకరు బెర్హంపూర్ అంటారు, ఇంకొకరు బ్రహ్మపూర్ అంటారు. రెండూ కొట్టి చూడండి. పశ్చిమ బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రానిదీ దాదాపు ఇదే పేరు. నేనోసారి రాష్ట్రం చూడకుండా అక్కడివాళ్ళని కూడా గంజాం లెక్కలో కలిపేశాను. మీటింగులో పరువు పోయింది.

ఒకే ప్రకటన నాలుగుసార్లు కనబడితే నాలుగు ఖాళీలు అనుకోకండి. 'రీపోస్టెడ్', అంటే పాతదే మళ్ళీ వేశారని ఉందేమో చూడండి. మనిషి దొరక్కపోవచ్చు, వచ్చినవాడు నిలవకపోవచ్చు. తేదీ, హోదా, ఊరు ఎక్సెల్‌లో రాసుకుంటూ పోండి. రెండు మూడు నెలలైతే గాని తీరు తెలీదు. మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం అందులో ఎక్కించొద్దు.

ఆ పోటీ కంపెనీ ఉద్యోగిని పలకరించి జీతాల కూపీ లాగడం అసలొద్దు.

ఫిట్టర్లు, వెల్డర్ల సంగతి లింక్డిన్‌లో పెద్దగా దొరకదు. దానికి ఐటీఐ నోటీసు బోర్డు దగ్గరికి వెళ్ళాల్సిందే.