నేపాలీ సారంగి నేర్చుకుందాం – 3వ పాఠం: గోటి అంచున స్వరం

కమాను విడి తంతుల మీద, అంటే వేలు ఆనించని తంతుల మీద, నిలకడగా నడుస్తోంది కదా, ఇక ఎడమచేతి పని మొదలుపెడదాం.

ముందు శ్రుతి. నాలుగు తంతుల్లో మధ్యవి రెండూ స, అంచులవి రెండూ ప. మీ గొంతుకు హాయిగా ఉండే స పాడుకుంటూ మధ్య తంతుల బిరడలు తిప్పండి. రెండిటి మీదా ఒకేసారి కమాను లాగండి. శ్రుతిలో కాస్త తేడా ఉంటే నాదం ఊగుతుంది. ఆ ఊపు నెమ్మదించి ఆగిపోయిందంటే రెండూ కలిసినట్టే. సారంగి గుర్రం, అంటే తంతులను ఎత్తి నిలిపే చిన్న చెక్క, మేకతోలు మీద నిలబడుతుంది. గాలిలో చెమ్మ పెరిగితే తోలు వదులై శ్రుతి దిగుతుంది, అందుకని వానాకాలంలో మాటిమాటికీ సరిచూసుకోవాలి.

ఇప్పుడు గోరు. తంతిని చెక్కకు అదమకూడదు. గోటిని పక్కనుంచి తంతికి ఆనించాలి, అంతే. మెత్తటి వేలికొన తగిలితే నాదం మూగబోతుంది. వయొలిన్ వాయించే అలవాటున్నవాళ్ళ వేళ్ళు వాటంతటవే అదమబోతాయి. వాళ్ళు మొదట చూపుడువేలు ఒక్కదానితోనే సాధన చేయడం మంచిది.

స్వరాల చోట్లు కొలిచి చూసుకోవచ్చు. బిరడల వైపు తంతి ఆనే చోటు నుంచి గుర్రం దాకా 36 సెంటీమీటర్లు ఉందనుకోండి. స తంతి మీద పైనుంచి 4 దగ్గర రి, 7.2 దగ్గర గ, 12 దగ్గర ప, 14.4 దగ్గర ద, సరిగ్గా సగంలో, అంటే 18 దగ్గర, పై స. మీ సారంగి పొడవు వేరైతే అదే నిష్పత్తిలో లెక్క కట్టండి. మధ్యమం, నిషాదం కావాలనే వదిలేశాను. నేపాలీ జానపద బాణీలు చాలావాటికి ఐదు స్వరాలు చాలు. ఈ ఐదూ మన మోహన రాగంలోవే కాబట్టి మీ చెవికి కొత్త కాదు.

ఈ వాద్యం గంధర్వులది. పురాణాల్లోని గంధర్వులు కాదు, నేపాల్‌లో పాటే వృత్తిగా బతికిన ఒక కులంవాళ్ళు. ఊరూరా తిరిగి, వాకిట్లో నిలబడి, యుద్ధాల కబుర్లు, వీరుల కథలు పాడి గింజలు పెట్టించుకుని బతికినవాళ్ళు. వీరగాథల పాటలను కర్ఖా అంటారు. వార్తాపత్రికలు చేరని కొండపల్లెలకు వాళ్ళ పాటే వార్త. అయినా కులం పేరుతో వాళ్ళను గడప దాటనివ్వలేదు. పోఖరా దగ్గరి బటులేచౌర్‌లో 1935లో పుట్టిన ఝలక్‌మాన్ గంధర్వ గొంతు రేడియో నేపాల్ ద్వారా దేశమంతా వినిపించింది. పరాయి సైన్యంలో చేరి యుద్ధంలో ప్రాణం విడుస్తున్న కొడుకు, అమ్మ అడిగితే ఏం చెప్పాలో కబురు పంపే పాట ఆయనది. దొరికితే తప్పక వినండి. పాడేదీ వాయించేదీ ఒక్కరే. గొంతు ఆగిన చోట సారంగి అందుకుంటుంది. మాట చెరిగిపోకుండా దాని వెంట నడవడమే ఈ వాద్యం పని. వేగం, గమకాల ఆర్భాటం తర్వాత చూసుకోవచ్చు.

అందుకే ఈ వారం సాధనంతా పాడుతూ చేయాలి. ఒక్కో స్వరానికి నాలుగు అక్షరాల కాలం, ఒక్కో కమాను:

స – రి – గ – ప – ద – పై స
పై స – ద – ప – గ – రి – స

ముందు స్వరం పాడండి, ఆ వెంటనే అదే వాయించండి. రి నుంచి గకు వెళ్ళేటప్పుడు గోరు ఎత్తకుండా జార్చండి. తర్వాత ‘సరిగ’ గొంతుతో పాడి, ‘పగరి’ సారంగితో బదులివ్వండి. గోరు నొప్పి పుడితే ఆ పూటకు ఆపేయండి. వచ్చే పాఠంలో ఝ్యావురే అనే ఆరు లెక్కల నేపాలీ జానపద లయకు కమాను ఎలా కదలాలో చూద్దాం. ఈలోగా ఆరు లెక్కపెడుతూ ఒకటికీ నాలుగుకీ చప్పట్లు కొట్టడం అలవాటు చేసుకోండి.