కారు కిందికి దించేముందు స్ప్రింగు ఒక్కటే చూడకండి

కొరాపుట్ నుంచి సాలూరు ఘాట్ దిగే మన కుర్రాళ్లు కొందరు కారు కిందికి కనిపించాలని స్ప్రింగు చుట్టు ఒకటి కోయించేస్తున్నారు. దయచేసి ఆ పని చేయించకండి. కోసిన కొస, స్ప్రింగు ఆనే గిన్నెలో సరిగ్గా కూర్చోదు.

మీ మోడల్‌కే చేసిన పొట్టి స్ప్రింగులు కొనండి, 25-30 మిల్లీమీటర్లు దించితే చాలు. అంతకు మించితే మన గోతులకి బండి అడుగు కొట్టుకుంటుంది. పొట్టి స్ప్రింగుకి కుదుపు మింగే జాగా తక్కువ కాబట్టి గట్టిగా చేస్తారు. గట్టి స్ప్రింగు నొక్కుకున్నాక అంత జోరుగానూ పైకి తంతుంది. ఆ తన్నుని ఆపాల్సింది షాకబ్జరు. పాతది అలాగే ఉంచేస్తే, ఘాట్ మలుపులో గొయ్యి తగిలాక బండి ఊగుతూనే ఉంటుంది, టైరు పట్టు తప్పుతుంది. అందుకే రెండూ జతగా కొనండి. డబ్బు చాలకపోతే కొన్నాళ్లు ఆగండి, పరవాలేదు.

బిగించాక జాకీ మీద లేపి, వేలాడే చక్రం దగ్గర స్ప్రింగుని చేత్తో కదిపి చూడండి. వదులుగా గలగలలాడితే దానికి ఆ షాకబ్జరు పొడవు ఎక్కువైనట్టే. ఇంకోటి, చక్రాన్ని బండికి కలిపే కింది ఆర్ము బోల్టులు చక్రాలు నేలకి ఆని బరువు పడ్డాకే పూర్తిగా బిగించమనండి. గాల్లో బిగిస్తే లోపలి రబ్బరు బుష్ మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. మెకానిక్ తొందరపడతాడు, పక్కనే నిలబడి చేయించుకోండి. ఆ రోజే వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించండి, లేకపోతే కొత్త టైర్లు ఒక పక్కకి అరిగిపోతాయి.