ఏడు ముక్కలైన కల్యాణి: డాట్ క్యాసెట్‌తో నా అనుభవం

మామయ్య వీణ కచేరీల డాట్ (డిజిటల్ ఆడియో టేప్) క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించాలని కూర్చున్నాను. విశాఖ ఎం.వి.పి. కాలనీలో మా ఇంటికి సముద్రపు గాలి బాగా తగులుతుంది. రికార్డర్ పెట్టగానే తేమ హెచ్చరిక వెలిగింది. అది ఆరిపోయే దాకా ఆగి మొదలుపెట్టాను.

అసలు చిక్కు ప్రారంభ గుర్తులతో, అంటే పాట ఎక్కడ మొదలవుతుందో యంత్రానికి చెప్పేవాటితో. రికార్డు చేసిననాడు ఆటో పద్ధతి వాడాం. శబ్దం కొద్ది సెకన్లు ఆగి మళ్లీ వినిపిస్తే, యంత్రం కొత్త పాట అనుకుని గుర్తు వేస్తుంది. ఆలాపనలో వైణికుడు తీసుకునే విరామం దానికేం తెలుసు? ఒక్క కల్యాణి రాగం ఏడు పాటలైంది.

ఊరట ఏమిటంటే, ఈ గుర్తులు సంగీతంలో కలవవు. టేపు మీద సబ్‌కోడ్ అనే వేరే భాగంలో ఉంటాయి. చెరిపినా, కొత్తవి వేసినా స్వరానికి ఏమీ కాదు. అయినా మామయ్య పక్కనే నిలబడి, "జాగ్రత్తరా, మళ్లీ వాయించలేను" అంటూనే ఉన్నారు.

ముందు క్యాసెట్ వెనుక, టేపు మీద ఏదీ మార్చనివ్వని రక్షణ మీట జరిపాను. అంతకుముందు అది జరపడం మరచి అరగంట యంత్రాన్ని తిట్టుకున్నాను. అక్కరలేని ఆరు గుర్తులు చెరిపాను. తనియావర్తనానికి (మృదంగం వంటి తాళవాద్యాలు విడిగా మోగే భాగానికి) ఒకటి చేర్చబోతే మొదట కుదరలేదు. మామూలు వేగంలో ఒక్కో ప్రారంభ గుర్తు తొమ్మిది సెకన్ల పాటు నమోదవుతుంది, పక్క గుర్తు మరీ దగ్గరగా ఉంది. శ్రుతి సరిచూసుకునే చోట, యంత్రం ఆ భాగాన్ని వదిలి ముందుకు వెళ్లేలా దాటవేత గుర్తు పెట్టాను.

చివర రీనంబర్ మీట నొక్కితే టేపు మొదటికి వెళ్లి, వరుస సంఖ్యలు తానే వేసుకుంది. కల్యాణి ఇప్పుడు మూడో నంబరు.