ఫ్లూ జ్వరంలో షుగర్‌ని ఇలా అదుపు చేశాను

వానాకాలంలో మా విశాఖ గాజువాకలో ఇంటింటా ఫ్లూ. నాకూ అంటుకుంది. నోటికి ముద్ద ఎక్కకపోయినా గ్లూకోమీటర్‌లో షుగర్ 280 దాటేసరికి టెన్షన్ మొదలైంది. జ్వరం వచ్చినప్పుడు ఒంట్లో ఊరే కొన్ని హార్మోన్లు కాలేయం నుంచి గ్లూకోజ్‌ని రక్తంలోకి వదిలిస్తాయని, ఇన్సులిన్‌ని సరిగ్గా పని చేయనివ్వవని డాక్టరుగారు చెప్పారు. అందుకే తిండి తగ్గిందని ఇన్సులిన్ ఆపలేదు, డోసు ఆయన్ని అడిగే మార్చాను. 4 గంటలకోసారి షుగర్ చూసుకున్నాను. రాత్రుళ్లు మా ఆవిడ అలారం పెట్టుకుని మరీ లేపేది, ఆమె రుణం తీర్చుకోలేను. పలచటి మజ్జిగ, రాగిజావ కొంచెం కొంచెంగా తాగాను. దగ్గు మందు చక్కెర లేనిదే అడిగి కొన్నాను. వాంతులు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా కీటోన్ల (ఇన్సులిన్ చాలనప్పుడు కొవ్వు కరిగి రక్తంలో పేరుకునే ఆమ్లాలు) పరీక్షకు వెంటనే రమ్మన్నారు. ఆ అవసరం పడలేదు. తేరుకున్నాక ఫ్లూ టీకా వేయించుకున్నాను. వైరస్ రూపు మారుతుంటుంది కాబట్టి దాన్ని ఏటా వేయించుకోవాలి.