స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి స్కోప్ రింగులు: ట్యూబు నొక్కుకుపోకుండా

ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. స్కోపు (గురి చూసే దుర్భిణి) ట్యూబు వ్యాసం 25.4 మి.మీ.నా, 30 మి.మీ.నా కొలవండి, పెద్ద రింగులో టేపు చుట్టి సరిపెట్టే పని వద్దు. రైఫిల్ మీద 11 మి.మీ. డవ్‌టెయిల్ (రెండు పక్కలా ఏటవాలు గాడి) ఉంటే రింగు అడుగు కూడా దానిదే కావాలి, పికటిన్నీది (అడ్డగాళ్ల వెడల్పు పట్టాకి చేసినది) దానిమీద కూర్చోదు.

స్ప్రింగ్ రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండు వైపులా తంతుంది, స్కోపు మెల్లగా వెనక్కి జారుతుంది. చాలామంది పై స్క్రూలు ఇంకా బిగిస్తారు. ట్యూబు సొట్టపడేది అక్కడే. రింగు కింది స్టాప్ పిన్ను రిసీవర్ (స్కోపు కూర్చునే రైఫిల్ ఒళ్లు) మీది గుంటలో దింపండి, చాలు.

రింగుల అడుగులు రైఫిల్‌కి బిగించి, నూనె లేకుండా తుడిచి స్కోపు పెట్టండి. కుంటి కుర్చీలా ఊగితే రింగులు వంకర ఉన్నట్టే. మూతలతో (రింగుల పై సగాలతో) అణచకండి, ట్యూబు వంగుతుంది. మూతలు వదులుగా వేసి, జూమ్ పూర్తిగా పెంచి కంటి దూరం, క్రాస్‌హెయిర్ (లోపలి గురి గీతలు) నిలువు సరిచూడండి.

తర్వాత పావు తిప్పు చొప్పున ఐమూలగా బిగించాలి. రెండు పక్కలా సందు సమానంగా ఉండాలి. తయారీదారు వేరే చెప్పకపోతే టార్క్ (తిప్పే బలం) 1.7 నుంచి 2 న్యూటన్ మీటర్లు. టార్క్ డ్రైవర్ లేకపోతే అలెన్ కీ పొడుగు కొమ్ము స్క్రూలో పెట్టి, పొట్టి కొమ్ము పట్టుకునే తిప్పండి. మూత స్క్రూలకు లాక్‌టైట్ (స్క్రూలు ఊడకుండా పూసే జిగురు) పూయకండి: అది జారుడునిచ్చి, అదే టార్క్‌కి ఎక్కువ నొక్కిస్తుంది. బిగించాక జూమ్ రింగు బరువెక్కిందా? వెంటనే వదులు చేయండి.