వంశధారలో పిల్లలతో పడవెక్కాలంటే

శ్రీకాకుళం నుంచి పొద్దున్నే బయల్దేరి ముందు బౌద్ధ స్తూపాలున్న శాలిహుండం కొండెక్కండి. ఎండ ముదిరితే స్తూపాల దగ్గర పిల్లలు నిలవలేరు. అక్కడి నుంచి, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దగ్గరే.

సముద్రం పోటా (నీరు పైకెక్కుతోందా), పాటా (వెనక్కి తీస్తోందా) అని పడవ నడిపేవాళ్లను అడగండి. పాటు వేళ ఏటి నీరు సముద్రంలోకి లాగేస్తుంది, ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు అసలు వెళ్లొద్దు. ఇక్కడ చినుకు లేకపోయినా ఒడిశాలో గట్టిగా కురిసి ఎగువన గొట్టా బ్యారేజీ గేట్లెత్తితే ఏరు పొంగుతుంది. ఆ రోజు పడవ మానుకోండి.

లైఫ్ జాకెట్ బకిళ్లన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా లేచిందంటే వదులే. నీళ్లలో పడితే బిడ్డ కిందికి జారిపోతుంది. చిన్న సైజు లేదంటే ఎక్కించొద్దు, ఎంత ఏడ్చినా సరే.

ఒక్కొక్కరే వంగి, పడవ నడిమధ్యన కాలు పెట్టాలి. అంచు మీద అడుగేస్తే ఒరిగిపోతుంది. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు లేచినా అంతే.