డిటెక్టివ్ నవల రాద్దాం – 5వ పాఠం: కేసు ఇంటి గడప తొక్కినప్పుడు

కిందటి పాఠంలో హత్యాస్థలంలో దొరికిన వస్తువుల జాబితా రాసుకున్నారు కదా, దాన్ని దగ్గర పెట్టుకోండి. ఈసారి అందులో ఒకటి పరిశోధకుడి ఇంటివాళ్లదని తేలుతుంది.

ఈ మలుపు కోసం చాలామంది ముప్పయ్యో అధ్యాయంలో పరిశోధకుడి కూతుర్ని ఎత్తుకుపోయేలా చేస్తారు. ఉత్కంఠ వస్తుంది, కాదనం. కానీ అంతదాకా నడిచిన కేసుకీ దానికీ పొత్తు ఉండదు. హంతకుడెవరన్న ప్రశ్న పక్కకి పోయి, పిల్ల దొరుకుతుందా లేదా అన్నదే మిగులుతుంది. బంధం మొదటి నుంచీ కేసు ఫైల్లోనే ఉండాలి. పరిశోధకుడు దాన్ని గుర్తుపట్టడమే ఆలస్యం కావాలి.

ఒక కేసు అనుకుందాం. రిటైరైన సర్వేయరు తన గదిలో హత్యకు గురయ్యాడు. బల్ల మీద ఏడు వస్తువులున్నాయి. వాటిలో ఆకుపచ్చ దారం కట్టిన తాళంచెవి ఒకటి. అది ఇన్‌స్పెక్టర్ అక్క ఇంటిది. నవల 60 వేల పదాలు, 40 అధ్యాయాలు, అధ్యాయానికి 1,500 పదాలు అని లెక్క వేసుకుంటే, తాళంచెవి ప్రస్తావన 2వ అధ్యాయంలో ఒకసారి, 9లో చూచాయగా, 17లో గుర్తుపట్టేటప్పుడు రావాలి. మధ్యలో పది అధ్యాయాలకు మించి ఖాళీ ఉంటే పాఠకుడు మరిచిపోతాడు. అప్పుడు మీరు పాత సంగతి విడమరిచి చెప్పుకోవాల్సి వస్తుంది, మలుపు నీరుగారిపోతుంది.

జాబితాలో మొదటి వస్తువూ చివరి వస్తువూ బాగా గుర్తుంటాయి. కాబట్టి తాళంచెవిని నాలుగోదో ఐదోదో చేయండి. దాని వెంటనే రక్తపు మరకున్న కవరు లాంటిదేదైనా పెట్టండి. ‘పెరటి తలుపుదై ఉంటుంది సార్’ అని కానిస్టేబుల్ చేత అనిపిస్తే ఇంకా మంచిది. దేనికి పనికొచ్చేదో తెలిసిపోయిన వస్తువు గురించి ఎవరూ మళ్లీ ఆలోచించరు. 9వ అధ్యాయంలో, అక్క తాళాలకు రంగుదారాలు కట్టి గుర్తుపెట్టుకునే మనిషని ఒక్క వాక్యంలో తెలియనివ్వండి. ఆకుపచ్చ అనే మాట మాత్రం అక్కడ రాయొద్దు.

17వ అధ్యాయంలో ఇన్‌స్పెక్టర్ కుప్పకూలిపోనక్కర్లేదు, రెండు పేజీలు తనలో తాను మాట్లాడుకోనక్కర్లేదు. ఒక తప్పు చేయాలి. ఆధారాలు ల్యాబుకు వెళ్లేటప్పుడు ప్రతి పొట్లానికీ సీలు, నంబరు, ఇచ్చినవారి సంతకం, తీసుకున్నవారి సంతకం, వేళ ఉంటాయి. ఆ గొలుసులో ఒక్క లంకె తెగినా కోర్టులో ఆ ఆధారాన్ని అనుమానించడానికి వీలు దొరుకుతుంది. రికార్డులో ఏడు వస్తువులు, ల్యాబుకు చేరినవి ఆరు. తాళంచెవి ఆ రాత్రి అతని సొరుగులో ఉండిపోయింది, అంతే. చెబితే కేసు చేజారుతుంది, చెప్పకపోతే రోజురోజుకీ ఆధారం పాడవుతుంది. మిగతా సగం నవలను ఈ ఇరకాటమే నడుపుతుంది. (పై అధికారి బల్ల గుద్ది ‘నిన్ను కేసు నుంచి తప్పిస్తున్నా’ అని అరిచే సన్నివేశం వద్దు. ఫైలు మరొకరికి అప్పగించమనే రెండు లైన్ల ఉత్తర్వు చాలు.)

అసలు కష్టపడాల్సింది దీని తర్వాత. సొంత మనిషి ఇరుక్కుంటే పరిశోధకుడు సాక్ష్యం చదివే తీరే మారిపోతుంది. మరణ సమయాన్నే తీసుకోండి. శవం బిగుసుకోవడం సాధారణంగా 2 నుంచి 4 గంటల్లో మొదలై, సుమారు 12 గంటలకు ఒళ్లంతా వ్యాపిస్తుంది, ఒకటిన్నర రోజు ప్రాంతంలో సడలడం మొదలవుతుంది. వేడి ఉంటే త్వరగా, చలిలో ఆలస్యంగా. అందుకే డాక్టర్ ఫలానా నిమిషమని చెప్పడు, రాత్రి 8 నుంచి 12 మధ్య అంటాడు. అక్క పది దాకా నలుగురి మధ్య ఉంది. 17కి ముందు ఇన్‌స్పెక్టర్ ‘8–12 మధ్య’ అని రాసేవాడు. ఆ తర్వాత ‘తొమ్మిది ప్రాంతంలో’ అనడం మొదలుపెడతాడు. రచయితగా మీరు దాని గురించి నోరెత్తొద్దు.

ఫోను టవరు సంగతీ అంతే. ఫోను ఏ టవరుకు తగిలిందో తెలుస్తుంది కానీ ఏ ఇంట్లో ఉందో తెలియదు. వేరే అనుమానితుడి విషయంలో ‘అక్కడే ఉన్నాడు’ అన్న మనిషే, అక్క దగ్గరకొచ్చేసరికి ‘టవరే కదా, ఎటైనా ఉండొచ్చు’ అంటాడు. ఈ రెండు మాటల మధ్య మూడు అధ్యాయాల దూరం ఉంచండి. రెంటినీ పోల్చి పట్టుకునేది కింది ఉద్యోగి అయితే బాగుంటుంది.

అక్కే హంతకురాలైతే పాఠకుడు ముందే ఊహిస్తాడు. ఏ పాపం ఎరగనిదైతే మోసపోయాననుకుంటాడు. ఆమె ఆ ఇంటికి వెళ్లింది నిజం, దాస్తున్నది హత్య కాదు: ఈ దారి మేలు.

అభ్యాసం: కాగితం మీద మూడు గడులు గీయండి. ఫైల్లో ఉన్నది, ఇన్‌స్పెక్టర్‌కు తెలిసినది, పాఠకుడికి తెలిసినది. 1 నుంచి 20 వరకు అధ్యాయానికో వరస నింపండి. కథ ఇన్‌స్పెక్టర్ కళ్లతో నడుస్తూ, అతనికి తెలిసిన ఆధారం పాఠకుడికి తెలియని వరస కనబడితే అది దొంగాట, సరిదిద్దండి. తర్వాత 17వ అధ్యాయం రాయండి. భయం, బాధ, షాక్ అనే మాటలు అందులో ఉండకూడదు. వచ్చే పాఠంలో ఆ కింది ఉద్యోగి సొరుగు గురించి అడిగే మొదటి ప్రశ్న రాద్దాం.